పేరు, ఊరు, చేసిన పని

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో నగిరిపెంట ఒక పల్లెటూరు. ఆ ఊరి బిడ్డ మేజర్ మళ్ల రాంగోపాల్ నాయుడు 2023 అక్టోబర్ 26న కశ్మీర్‌లోని కుప్వారా జిల్లాలో, నియంత్రణ రేఖ దగ్గర చొరబాటుదారులతో జరిగిన పోరులో తన దళాన్ని ముందుండి నడిపించారు. 2024 స్వాతంత్ర్య దినోత్సవ సందర్భంగా ఆయనకు కీర్తిచక్ర ప్రకటించారు. 2025 మే నెలలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా ఆయన దాన్ని అందుకున్నారు. ఇలాంటి గౌరవం దక్కినప్పుడు మన ఊళ్లలో దండలు వేస్తారు, ఊరేగిస్తారు, కూడలిలో ఫ్లెక్సీ కడతారు. అదంతా మనసులోంచి వచ్చే అభిమానమే. కానీ ఫ్లెక్సీ ఒక వానాకాలం దాటి నిలవదు. సన్మానసభలో కూర్చున్న పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతారు. ఇంకో ముప్పై ఏళ్లకు టెక్కలిలోనో చీపురుపల్లిలోనో పదో తరగతి చదివే పిల్లకు, తన జిల్లా నుంచి వెళ్లి ప్రాణాలకు తెగించి నిలబడినవాళ్లు ఎవరో, ఏం చేశారో ఎవరు చెప్పాలి? ఆ పని సైన్యానిదీ కాదు, ఢిల్లీదీ కాదు. ఆ మనిషిని కన్న ఊరిది, ఆ ఊరికి పెద్దదిక్కైన జిల్లా కేంద్రానిది.

పట్టణాలు తమ వీరులకు స్మారకాలు కట్టుకోవడం ప్రపంచమంతటా ఉన్న ఆచారం. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలకు అలాంటి స్మారకం ఎలా ఉండాలి అన్నదే ఇక్కడి విచారణ. ఈ వ్యాసం చెప్పదలచింది ఒక్కటే. శౌర్య పతకాలు పొందినవారి స్మారకానికి ప్రాణం శిల్పంలో ఉండదు, జాబితాలో ఉంటుంది. సైనికుడి పేరు, పుట్టిన ఊరు, అతను చేసిన పని అనే మూడూ తప్పుల్లేకుండా, అందరికీ అర్థమయ్యే తెలుగులో రాయి మీదికి ఎక్కాలి. ఆ మూడూ ఉంటే మామూలు నల్లరాతి పలక చాలు. అవి లేకపోతే నిలువెత్తు కంచు విగ్రహం పెట్టినా పది మంది దాని ముందు నుంచి పోతూ ఎవరిదో తెలియక తల తిప్పుకుంటారు.

ముందు పతకాల సంగతి చూద్దాం. యుద్ధంలో శత్రువు ఎదుట చూపిన సాహసానికి ఇచ్చేవి మూడు: పరమవీరచక్ర, మహావీరచక్ర, వీరచక్ర. వీటిని 1950 జనవరి 26న నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి అమల్లోకి వచ్చినట్టుగా లెక్కించారు. అందుకే తొలి కశ్మీర్ యుద్ధంలో పోరాడినవారికి కూడా అవి దక్కాయి. యుద్ధేతర సందర్భాల్లో చూపిన సాహసానికి మరో మూడున్నాయి. 1952లో అశోకచక్ర మొదటి, రెండో, మూడో తరగతులుగా మొదలై, 1967లో అశోకచక్ర, కీర్తిచక్ర, శౌర్యచక్ర అనే పేర్లు పొందాయి. వీటి తర్వాత సేనా పతకం, నౌసేనా పతకం, వాయుసేనా పతకం ఉన్నాయి. ఏ పతకానికైనా పని జరిగిన చోటి నుంచి అధికారి సిఫారసు పంపాలి. అది మెట్టుమెట్టూ పైకి వెళ్లి, పరిశీలన దాటి, రాష్ట్రపతి ఆమోదం పొంది, గెజిట్‌లో అచ్చవుతుంది. పతకంతో పాటు, ఆ మనిషి ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశాడో చెప్పే ప్రశంసాపత్రం ఒకటి తయారవుతుంది. స్మారకం కట్టేవాళ్లకు అసలు పెన్నిధి ఆ పత్రమే. పతకం ఇంట్లో బీరువాలో ఉంటుంది, ఆ పత్రం దస్త్రాల్లో ఉంటుంది. ఊళ్లో జనానికి మాత్రం ఫలానావాళ్ల అబ్బాయికి ఏదో మెడల్ వచ్చిందన్న మాటే మిగులుతుంది.

సైన్యం తనవాళ్లను మరిచిపోదు. కానీ అది గుర్తుంచుకునే పద్ధతి వేరు. రెజిమెంటు, బెటాలియన్, పోరు జరిగిన చోటు, తేదీ అన్న క్రమంలో సైన్యపు జ్ఞాపకం నడుస్తుంది. నగిరిపెంట మేజర్ సాహసం 56 రాష్ట్రీయ రైఫిల్స్ చరిత్రలో, ఆయన మాతృదళమైన మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీ చరిత్రలో చేరుతుంది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ప్రాణాలిచ్చిన కల్నల్ సంతోష్ బాబు 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ అధికారి. ఆయనకు మరణానంతరం ప్రకటించిన మహావీరచక్ర బిహార్ రెజిమెంటు గౌరవపట్టికలో ఉంటుంది. ఇద్దరు తెలుగువాళ్లు, ఒకరి పేరు మరాఠా దళంలో, ఇంకొకరి పేరు బిహార్ దళంలో. సైన్యం దృష్టిలో అది సహజం, సబబు కూడా. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం దాదాపు 26 వేల మంది అమరుల పేర్లను గ్రానైట్ పలకల మీద నిలిపింది. అదీ దేశం చేయవలసిన పనే. అయితే ఆ పేర్లన్నిటిలో మన జిల్లావాళ్లెవరో ఏరి చూపే బాధ్యత దేశానికి లేదు. దళం దృష్టిలో సైనికుడు, దేశం దృష్టిలో పౌరుడు అయిన మనిషి, ఒక తల్లి బిడ్డగా, ఒక బడి విద్యార్థిగా కనిపించేది సొంత ఊళ్లోనే. స్థానిక స్మారకం పూడ్చవలసిన ఖాళీ అది.

మన ప్రాంతానికి వీరుల జ్ఞాపకం కొత్త కాదు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం ఇప్పటికీ కథగా, పాటగా, సినిమాగా బతికే ఉంది. పాత కోట ఉన్న చోట బొబ్బిలి మహారాజా 1891లో స్మారక స్తంభం నిలిపారు. యుద్ధం జరిగిన 134 ఏళ్లకు కూడా ఆ మంట ఎంత ఆరకుండా ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సేనతో తలపడి విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకొరిగారు. ఆ పోరునూ ఈ ప్రాంతం మరిచిపోలేదు. కానీ ఈ రెండు జ్ఞాపకాల్లో నిలిచిన పేర్లెవరివో చూడండి. రంగారాయుడు, మల్లమ్మ, తాండ్ర పాపారాయుడు, విజయరామరాజు. రాజులు, రాణులు, సేనానులు. వాళ్ల పక్కన నిలబడి ప్రాణాలు వదిలిన వందల మంది మామూలు బంట్లు, కాల్బలం అందరూ ‘వీరులు’ అనే ఒక్క మాటలో కలిసిపోయారు. కథ రాజును కాపాడింది, బంటును కాపాడలేదు. అప్పట్లో బంటు చేసిన పనిని రాసిపెట్టిన కాగితం లేదు కాబట్టి ఆ లోటుకు ఎవరినీ తప్పుపట్టలేం. ఇప్పుడా కాగితం ఉంది. సిపాయి దగ్గర నుంచి జనరల్ దాకా ఎవరికి పతకం వచ్చినా గెజిట్‌లో పేరుంటుంది. ఉన్న కాగితాన్ని తెరవకపోతే ఆ తప్పు మనది.

పేరు రాయకపోతే ఏమవుతుందో తెలియాలంటే బ్రిటిష్ కాలపు స్మారకాలు చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మన దేశంలో ఎన్నో ఊళ్లలో చలువరాతి పలకలు పెట్టారు. ఈ ఊరి నుంచి ఇంతమంది యుద్ధానికి వెళ్లారు, వారిలో ఇంతమంది చనిపోయారు అన్నదే వాటి సారాంశం. అంకె ఉంటుంది, మనిషి ఉండడు. ఢిల్లీ ఇండియా గేట్ మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన 74 వేల మందికి పైగా భారత సైనికుల స్మృతికి కట్టినది. దాని మీద ఉన్న పేర్లు 13 వేల పైచిలుకు మాత్రమే. ఇరాక్‌లోని బాస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు. భారతీయుల్లో అధికారులకు పేర్లు దక్కాయి, మామూలు సిపాయిలకు దళాలవారీగా సంఖ్యలే దక్కాయి. యుద్ధ సమాధుల సంరక్షణ చూసే కామన్వెల్త్ కమిషన్ 2021లో వెలువరించిన నివేదికలో దీన్ని తానే ఒప్పుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా సైనికుల్లో 45 వేల నుంచి 54 వేల మందిని అసమానంగా స్మరించారనీ, కనీసం మరో 1,16,000 మందికి పేరుతో స్మరణే లేకుండా పోయిందనీ తేల్చి క్షమాపణ చెప్పింది. వందేళ్ల తర్వాత ఒక సంస్థ తప్పు దిద్దుకోవడానికి పూనుకున్నా, పోయిన పేర్లన్నీ తిరిగి రావు. సమయానికి రాయకపోవడం వల్ల కలిగే నష్టాన్ని తర్వాతి పశ్చాత్తాపం తీర్చలేదు.

మన పొరుగున విశాఖపట్నం సాగరతీరంలో ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం ఉంది. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు దగ్గర మునిగిపోయిన ఘటన, ఆ యుద్ధంలో తూర్పు నౌకాదళం సాధించిన విజయం దాని వెనుక ఉన్నాయి. 1996లో కట్టిన ఆ స్మారకం విశాఖకు తగినదే. నౌకాదళానికి ఇల్లయిన నగరం, తన ముంగిట జరిగిన యుద్ధాన్ని గుర్తుంచుకుంది. శ్రీకాకుళం, విజయనగరాల పరిస్థితి వేరు. ఆధునిక కాలంలో ఈ నేల యుద్ధరంగం కాలేదు. ఇక్కడి మనుషులే యుద్ధరంగాలకు వెళ్లారు. విజయనగరంలో కంటోన్మెంట్ పేరు ఇప్పటికీ ఒక పేటకు మిగిలి ఉంది. 1962లో కోరుకొండ సైనిక పాఠశాల ఇక్కడే పుట్టింది. విజయనగరం రాజవంశానికి చెందిన పి.వి.జి.రాజు ఇచ్చిన ప్యాలెస్‌లో నడుస్తున్న ఆ బడి, రక్షణ దళాలకు తరతరాలుగా అధికారులను అందిస్తోంది. కాబట్టి ఇక్కడి స్మారకం ఒక ఘటనను కాక మనుషులను చూపాలి. యుద్ధ ట్యాంకో, పాత విమానమో తెచ్చి కూడలిలో నిలబెడితే పిల్లలు ముచ్చటపడి ఫొటోలు తీసుకోవచ్చు. కానీ దాన్ని ఏ జిల్లాలో పెట్టినా ఒక్కలాగే ఉంటుంది. అందులో శ్రీకాకుళం ఏది, విజయనగరం ఏది?

జాబితా రాయడం తేలికని అనుకోవద్దు. ఈ ప్రాంతానికి ఉన్న చిక్కు మరే ప్రాంతానికీ ఇంతగా ఉండదేమో. ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో చాలా భాగం 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది. ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ తెలుగు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా వేరుపడింది. 1979 జూన్ 1న శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుంచి కొంత కొంత తీసి విజయనగరం జిల్లా చేశారు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది, రాజాం ప్రాంతం శ్రీకాకుళం నుంచి విజయనగరంలో కలిసింది. ఇప్పుడు దస్త్రాల్లో వెతకండి. సోంపేట నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన సిపాయి గంజాం జిల్లావాడు. అదే ఊరి నుంచి రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లినవాడు విశాఖపట్నం జిల్లావాడు. 1971లో బొబ్బిలి నుంచి వెళ్లిన జవాను శ్రీకాకుళం జిల్లావాడు. ముగ్గురూ ఈ రెండు జిల్లాల బిడ్డలే అయినా, ఇవాళ్టి జిల్లా పేరు పెట్టి వెతికితే ఒక్కరూ దొరకరు. దీనికి తోడు పేర్ల ఇబ్బంది. సింహాచలం అప్పన్న మీద భక్తితో ఈ వైపు ఇంటింటా అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పారావు, సింహాచలం ఉంటారు. సైన్యపు రికార్డుల్లో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఇంకోచోట ఒట్టి పొడి అక్షరంగా ఉంటుంది. ఇంగ్లిషు స్పెల్లింగు ఒక్కో గుమాస్తా చేతిలో ఒక్కో తీరుగా మారుతుంది. సైనిక సంఖ్య, ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ సరిపోల్చుకుంటే తప్ప ఒకరి గౌరవం ఇంకొకరి పేరు కింద పడే ప్రమాదముంది.

ఇదంతా చేయగలిగిన పనే. గెజిట్లు ఉన్నాయి. రక్షణ శాఖ పతకగ్రహీతల వివరాలను, ప్రశంసాపత్రాలను ఇంటర్నెట్‌లో ఉంచింది. ప్రపంచ యుద్ధాల్లో మరణించినవారికి కామన్వెల్త్ కమిషన్ రిజిస్టర్ ఉంది, అందులో చాలా మంది భారతీయులకు తండ్రి పేరు, ఊరి పేరు కూడా కనిపిస్తాయి. మద్రాస్ రెజిమెంటు కేంద్రం వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ బెంగళూరులో ఉన్నాయి. మాజీ సైనికులను, వారి కుటుంబాలను ఎరిగిన జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నాయి. చరిత్ర విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు దొరకదు. ముందు ముసాయిదా జాబితా తయారుచేసి గ్రామ సచివాలయాల్లో అంటించాలి. తప్పులుంటే చెప్పమని కుటుంబాలను అడగాలి. అభ్యంతరాలు విని సరిదిద్దిన తర్వాతే శిల్పిని పిలవాలి. కుటుంబం ఒప్పుకోకుండా ఫొటోలు, ఇంటి వివరాలు పెట్టకూడదు. మన దగ్గర జరిగేది తరచుగా దీనికి తిరగేసిన క్రమం. ముందు శంకుస్థాపన, తర్వాత విగ్రహం, ఆవిష్కరణకు ముందు రోజు రాత్రి ఫలకం మీద ఏం రాయాలన్న హడావుడి. రాతి మీద చెక్కిన తప్పును దిద్దడం కాగితం మీది తప్పును దిద్దినంత సులువు కాదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, పతకాలు వచ్చినవాళ్లు ఈ జిల్లాల్లో ఎంతమంది ఉంటారు, నలుగురి కోసం స్మారకమా అన్నది. దీనికి చరిత్రే జవాబిస్తుంది. పరమవీరచక్ర ఇప్పటిదాకా 21 మందికే దక్కింది. వారిలో 14 మందికి మరణానంతరమే. ఆ 21 మందిలో తెలుగువాళ్లు లేరు. దీన్నిబట్టి మనవాళ్లలో ధైర్యం తక్కువని తేల్చేవాళ్లు ఒక పాత అన్యాయాన్ని మరిచిపోతున్నారు. కంపెనీ కాలంలో మద్రాసు సైన్యానికి తెలుగు నేల పెద్ద ఆధారం. 19వ శతాబ్ది చివర్లో బ్రిటిష్ సేనానులు కొన్ని జాతులకే యుద్ధం చేతనవునన్న సిద్ధాంతాన్ని పట్టుకున్నారు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్, దక్షిణాది సైనికులు యుద్ధానికి పనికిరారని నమ్మినవాడు. దేశమంతటికీ సైన్యాధిపతి అయ్యాక ఆ నమ్మకాన్ని విధానంగా మార్చాడు. దక్షిణాది నియామకాలు కుదించుకుపోయాయి. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ మద్రాసు పదాతి దళాలను రద్దు చేశారు. రెండో యుద్ధంలో మనుషులు కావలసి వచ్చాక 1940ల్లో మద్రాస్ రెజిమెంటును మళ్లీ లేపారు. ముందు వరుసలో నిలబడే అవకాశం దక్కనివాడికి ముందు వరుస పతకం ఎక్కడ దక్కుతుంది? కాబట్టి జాబితా చిన్నదైతే సిగ్గుపడనక్కర్లేదు. అది ఎందుకు చిన్నదైందో స్మారకం దగ్గరే రెండు వాక్యాల్లో రాయాలి.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. పతకం వచ్చినవాడే వీరుడా, రానివాడు కాదా? పతకం రావాలంటే ఆ సాహసాన్ని చూసినవాళ్లుండాలి, వాళ్లు బతికి రావాలి, అధికారి శ్రద్ధగా సిఫారసు రాయాలి. ఒక కాపలా గుడిసెలో అందరూ కలిసి నేలకొరిగితే ఎవరు ఏం చేశారో చెప్పే నోరే ఉండదు. అదీ గాక, 2021 ఏప్రిల్ 3న ఛత్తీస్‌గఢ్ అడవుల్లో మావోయిస్టులతో జరిగిన పోరులో 22 మంది జవాన్లు మరణించారు. వారిలో విజయనగరానికి చెందిన రౌతు జగదీష్ ఉన్నారు. ఆ తల్లిదండ్రుల దుఃఖాన్ని పతకాల పట్టికతో కొలవగలమా? కొలవలేం, కొలవకూడదు. అందుకే స్మారకంలో రెండు పట్టికలు ఉండాలి. ఒకదానిలో ఈ జిల్లాల నుంచి వెళ్లి విధి నిర్వహణలో మరణించిన ప్రతి ఒక్కరి పేరు, హోదా తేడా లేకుండా, మరణించిన తేదీల క్రమంలో ఉండాలి. రెండోదానిలో శౌర్య పతకాలు పొందినవారి పేర్లు, వారు చేసిన పని ఉండాలి. ఈ రెండో పట్టిక మొదటిదానికంటే గొప్పదని కాదు. వేల మంది చూపిన ధైర్యంలో వివరంగా నమోదై మనకు అందిన కొన్ని ఉదాహరణలు అందులో ఉంటాయి. ధైర్యం అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలంటే ఉదాహరణ కావాలి. పతకం విలువ అంతవరకే తీసుకుందాం, అంతమేరకు నిండుగా తీసుకుందాం.

ఎవరు మనవాళ్లు అన్న ప్రశ్న మూడోది. కల్నల్ సంతోష్ బాబు పుట్టింది సూర్యాపేటలో. ఆ పట్టణం 2021 జూన్ 15న, ఆయన మొదటి వర్ధంతి రోజున, ఆయన విగ్రహాన్ని ఆవిష్కరించుకుంది. ఆయన చదువుకున్నది మాత్రం కోరుకొండ సైనిక పాఠశాలలో. సైనికుడిగా ఆయనను మలిచిన నేల విజయనగరం. మరి ఆయన పేరు ఇక్కడి రాతి మీద ఉండాలా? ఉండొచ్చు, కానీ ‘ఇక్కడ చదువుకున్నవారు’ అని స్పష్టంగా రాసి, వేరుగా. మొదటి ప్రపంచ యుద్ధపు శతాబ్ది సందర్భంగా 2014 నుంచి 2018 వరకు బ్రిటన్ ఆ యుద్ధంలో విక్టోరియా క్రాస్ పతకం పొందినవారి కోసం వాళ్లు పుట్టిన ఊళ్లలోనే ఒక్కో స్మారక ఫలకం వేయించింది. ఎవరి ఊరికి వాళ్లు చెందుతారన్న ఆ నియమం సూటిగా ఉంటుంది. దాన్ని పాటిస్తే పట్టణాల మధ్య పోటీ రాదు, ఒకరి గౌరవాన్ని ఇంకొకరు లాక్కున్నట్టూ ఉండదు. బతికున్నవారి పేరు చెక్కడం అశుభమన్న శంక కొందరికి ఉండొచ్చు. ఢిల్లీ జాతీయ స్మారకంలోని పరమయోధ స్థలంలో అమరుల పక్కనే, పరమవీరచక్ర అందుకుని మన మధ్య ఉన్న బాణాసింగ్, యోగేంద్రసింగ్ యాదవ్, సంజయ్ కుమార్ ప్రతిమలూ ఉన్నాయి. శౌర్యాన్ని గౌరవించడానికి చావు కోసం ఎదురుచూడనక్కర్లేదు.

నాలుగో అభ్యంతరం కడుపు మంటలోంచి వస్తుంది. వలసలతో ఊళ్లు ఖాళీ అవుతున్న జిల్లాలు ఇవి, ఇక్కడి కుర్రాళ్లు పరుగు సాధన చేసేది ఉద్యోగం కోసమే, మాజీ సైనికుడికి పింఛను, వైద్యం, పిల్లలకు చదువు కావాలి గానీ రాయి ఎందుకు అంటారు. ఇందులో సగం నిజముంది. కుటుంబాల అవసరాలు తీర్చకుండా రాళ్లు నిలబెట్టడం అన్యాయమే. కానీ ఈ రెండూ ఒకదాని నోటి దగ్గర కూడు ఇంకొకటి లాక్కునేవి కావు. జాబితా తయారీకి కావలసింది శ్రద్ధ, ఓపిక, కొద్దిపాటి ప్రయాణ ఖర్చులు. ఖర్చంతా విగ్రహాల్లో, వేదికల్లో ఉంటుంది, వాటినే వద్దంటున్నాం. జాబితా కోసం ఇంటింటికీ వెళ్లినప్పుడు ఏ అమరవీరుడి భార్యకు పింఛను ఆగిపోయిందో, ఏ కుటుంబానికి రావలసిన సాయం రాలేదో కూడా బయటపడుతుంది. ఇక జీతం కోసమే వెళ్లారు కదా అన్న మాట. ఇంటి అవసరం ఒక కుర్రాణ్ని నియామక ర్యాలీ దాకా తీసుకెళ్లవచ్చు. గ్రనేడ్లు పడుతున్న చోట పక్కవాణ్ని కాపాడడానికి ముందుకు దూకమని ఏ జీతమూ చెప్పదు. పేదింటి నుంచి వెళ్లినవాడి తెగువ పేదరికం వల్ల తక్కువ కాదు. 2022లో వచ్చిన అగ్నిపథ్ తర్వాత సిపాయిలుగా చేరేవారిలో ఎక్కువ మంది నాలుగేళ్లకే ఇంటికి తిరిగొస్తారు. దళంతో జీవితకాలపు బంధం తగ్గుతున్నకొద్దీ, వాళ్లను గుర్తుంచుకోవలసిన బాధ్యత సొంత జిల్లా మీద మరింత పడుతుంది.

యుద్ధాన్ని కీర్తించడం పిల్లలకు మంచిదా అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల ఆందోళనను కొట్టిపారేయకూడదు. ఘాజీతో పాటు సముద్రంలో కలిసిపోయిన 93 మందికీ తల్లులున్నారు. అయితే వట్టి విగ్రహం, తుపాకీ, జెండా మాత్రమే చూపే స్మారకంలోనే ఆ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఆవేశమే ఉంటుంది, వివరం ఉండదు. జరిగింది జరిగినట్టు రాస్తే చదివేవాడికి రెండూ తెలుస్తాయి. ఒక మనిషి ఎంత ధైర్యంగా నిలబడ్డాడో, ఆ ధైర్యానికి ఎంత మూల్యం చెల్లించాల్సి వచ్చిందో. చాలా ప్రశంసాపత్రాల్లో శత్రువును ఎదిరించిన సంగతితో పాటు, గాయపడిన తోటివారిని మోసుకొచ్చిన సంగతి, తన ప్రాణం లెక్కచేయక దళాన్ని కాపాడిన సంగతి కూడా ఉంటుంది. వాటిని అతిశయోక్తులు లేకుండా తేట తెలుగులో రాయగలిగితే స్మారకం యుద్ధానికి భజన కాదు. యుద్ధం మనుషుల నుంచి ఏం అడుగుతుందో చెప్పే పాఠం అవుతుంది.

చివరగా చోటు సంగతి. మన పట్టణాల్లో స్మారకం అనగానే కూడలి గుర్తొస్తుంది. రోడ్ల మీద, కాలిబాటల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ఆదేశం లేకపోయినా కూడలి ఇందుకు తగిన చోటు కాదు. బస్సుల మధ్య నిలబడి ఎవరూ ప్రశంసాపత్రం చదవరు. జిల్లా గ్రంథాలయం ఆవరణో, ప్రభుత్వ కళాశాల మైదానం అంచో, శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డో, విజయనగరంలో కోట పరిసరాలో, పిల్లలు నడిచివచ్చి నిలబడి చదవగలిగే చోటు కావాలి. పేర్లు తేదీల వరుసలో ఉండాలి. అప్పుడు కులానికీ, పార్టీకీ, హోదాకీ ముందు వెనుకలు నిర్ణయించే వీలుండదు. ఆవిష్కరించిన నాయకుడి పేరు, విరాళమిచ్చినవారి పేరు సైనికుల పేర్లున్న పలక మీద ఉండకూడదు. కావాలంటే వెనుక వైపు చిన్న అక్షరాల్లో రాసుకోవచ్చు. కొత్త పేర్లకు ఖాళీ స్థలం విడిచిపెట్టాలి. ఏటా జూలై 26 కార్గిల్ విజయ దినాన, డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినాన ఒక్కో బడి పిల్లలు ఒక్కో సైనికుడి కథ చదివి వినిపించే ఏర్పాటు ఉండాలి. పూలదండ వేసే చేతులకంటే కథ చెప్పే గొంతులే స్మారకాన్ని ఎక్కువ కాలం కాపాడతాయని బొబ్బిలి చరిత్ర మనకు నేర్పింది.

కాబట్టి ఈ రెండు జిల్లాల యంత్రాంగాలూ, పార్వతీపురం మన్యం జిల్లాను కలుపుకుని, ఒక ఉమ్మడి పరిశోధన బృందంతో పని మొదలుపెట్టాలి. పాత గంజాం, విశాఖపట్నం దస్త్రాల నుంచి ఇవాళ్టి గెజిట్ల దాకా వెతికి, ఒక్కో పేరుకూ ఆధారం జతచేసి, అందరూ చూసేలా జాబితా ప్రకటించాలి. దానికి ఏడాది పట్టినా, రెండేళ్లు పట్టినా ఫర్వాలేదు. 1999 నాటి కార్గిల్ యుద్ధాన్ని చూసినవాళ్లు నడివయసులో ఉన్నారు. 1971లో పోరాడినవారికి డెబ్బై ఏళ్లు దాటాయి, 1965, 1962 యుద్ధాలను చెప్పగలిగినవాళ్లు కొద్దిమందే మిగిలారు. వాళ్లు ఉండగా అడిగి రాసుకున్నదే మనకు దక్కుతుంది. రాయి పదేళ్ల తర్వాత నిలబెట్టుకోవచ్చు. సాక్ష్యం సేకరించడానికి మాత్రం ఇప్పుడే తగిన సమయం.